పక్క గదికి చెప్పని మాట

చిక్కడపల్లిలో మెట్ల కింద ఒక సామ్రాజ్యం ఉండేది. దాని చక్రవర్తిని నేనే. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. పైన మెట్లు ఏటవాలుగా దిగేవి కాబట్టి నా కుర్చీ ఉన్న వైపు మనిషి నిలబడొచ్చు. రెండో వైపుకు పోవాలంటే ఎంతటి చక్రవర్తయినా మోకాళ్ల మీద పోవాల్సిందే. కిరీటం బదులు నా నెత్తి మీద ఎప్పుడూ ఒక బొప్పి ఉండేది. పాత బొప్పి తగ్గేలోపే కొత్తది పట్టాభిషేకం చేసుకునేది. ఆ రాజ్యంలో ప్రజలు ఇద్దరే, రెండు పాత కంప్యూటర్లు. వాటి ఫ్యాన్ల చప్పుడుకు ముషీరాబాద్‌లో పాలు విరుగుతున్నాయని నేను చెబుతుండేవాణ్ణి. నమ్మేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. నాకు అంతే కావాలి.

మెట్ల పైన మూడంతస్తుల్లో ఉన్నది గ్రూప్స్ పరీక్షలకు చదివించే కోచింగ్ సెంటర్. 2009లో అందులో చేరాను. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. అంతకుముందు రేడియోలు బాగుచేశాను, తర్వాత టీవీలు బాగుచేశాను, చివరికి జనం ఏది పారేస్తే దాన్ని బాగుచేశాను. కంప్యూటర్లు వచ్చాక వాటి కడుపులో చెయ్యి పెట్టడానికి నాకు ఎవరూ ముహూర్తం చెప్పలేదు, నేనూ అడగలేదు. సెంటర్లో నా ఉద్యోగం పేరు సిస్టమ్స్ ఇన్‌చార్జి. పని మాత్రం మెయిల్ సర్వర్‌ను బతికించడం, ప్రింటర్‌ను తిట్టడం, నోటీసు బోర్డు మీద కాగితాలు గుచ్చడం.

ఆ రోజుల్లో మాకొచ్చే మెయిళ్ల సంగతి చెప్పాలి. ఎక్కడో సముద్రాల అవతల పోయిన కోటీశ్వరులందరూ పోయే ముందు మా డైరెక్టర్ గారినే తలుచుకునేవారు. రోజుకు కనీసం నలుగురు విధవరాళ్లు ఆయనకు ఆస్తి రాసిచ్చేవాళ్లు. ఆయన మంచి మనిషి. ఒకామెకు, మీ భర్త మరణానికి మా సంస్థ తరఫున ప్రగాఢ సంతాపం అని జవాబు కూడా పంపారు. ఆ జవాబు పోయిన మరుసటి రోజు నుంచి విధవరాళ్ల సంఖ్య నాలుగింతలైంది. మందులు అమ్మేవాళ్లు, లాటరీ తగిలిందని చెప్పేవాళ్లు, గడియారాలు అంటగట్టేవాళ్లు, అందరూ వచ్చి మా గుమ్మంలోనే తోసుకునేవాళ్లు. నిజంగా సిలబస్ అడిగిన పిల్లవాడి ఉత్తరం ఆ తొక్కిసలాటలో నలిగిపోయేది.

అందుకే రెండో కంప్యూటర్ తెచ్చి, అందులో స్పామ్ ఫిల్టర్ పెట్టాను.

పద్ధతి ఇది. మెయిల్ సర్వర్ గుమ్మంలో నిలబడి ఉత్తరాలు తీసుకుంటుంది. తీసుకున్న ప్రతి ఉత్తరాన్నీ పక్క గదిలో ఉన్న ఫిల్టర్‌కు ఇస్తుంది. ఫిల్టర్ చదివి మార్కులు వేస్తుంది. వచ్చిన అడ్రసు చెడ్డపేరున్నదైతే ఇన్ని, అక్షరాలు అర్థం కాకపోతే ఇన్ని, డబ్బు ఆశ పెడితే ఇన్ని. ఐదు దాటితే ఫెయిలు. ఎక్కువ మార్కులొచ్చినవాడు ఫెయిలయ్యే పరీక్ష లోకంలో ఇదొక్కటే అని నేను క్లాసుల మధ్యలో పిల్లలకు చెప్పి నవ్వించేవాణ్ణి. ఫెయిలైన ఉత్తరాలను ఒక మూల ఫోల్డర్లో పడేసేది. దానికి నేను అటక అని పేరు పెట్టాను. డిస్కులో జాగా లేదు కాబట్టి ప్రతి గురువారం అటక దానంతటదే ఊడ్చుకునేది. ఉత్తరం రాసినవాడికి ఒక్క ముక్క కూడా పోయేది కాదు. స్పామ్ పంపినవాడికి మర్యాదగా జవాబిస్తే ఏమవుతుందో డైరెక్టర్ గారి పుణ్యమా అని అప్పటికే చూశాం కదా.

ఇక్కడ ఒక చిక్కుంది. పక్క గదిలో కూర్చున్న ఫిల్టర్‌కు గుమ్మం కనపడదు. ఎవరొచ్చారో సర్వరే చెప్పాలి. ఈ ఉత్తరం ఏ అడ్రసు నుంచి వచ్చింది, తెచ్చినవాడు తన పేరేమని చెప్పుకున్నాడు, ఎవరి పేరున రాశాడు, ఎవరికి రాశాడు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వచ్చిన మన మనిషా, బయటివాడా. ఏమేం చెప్పాలో సర్వర్లో ఒక ఫైల్లో వరసగా రాయాలి. రాసింది చెబుతుంది. రాయనిది, పీక మీద కత్తి పెట్టినా చెప్పదు.

ఆ వరసలో నాలుగు రాశాను. ఐదోది, అంటే మన మనిషా కాదా అన్నది, కావాలనే కొట్టేశాను.

ఎందుకో కూడా చెబుతాను, నవ్వుకోండి. ఆ ఫిల్టర్‌ను ఎవరో ఏ దేశంలోనో కూర్చుని రాశారు. ఊరూ పేరూ తెలియని దానికి మన పిల్లలు ఎవరెవరు ఏ పేరుతో లోపలికి వస్తున్నారో ఎందుకు చెప్పాలి? నా చిన్నప్పుడు మా అమ్మ పనికి పోతూ నాకొక పాఠం చెప్పేది. తలుపు కొట్టి ఇంట్లో ఎవరెవరున్నరు అని అడిగినోడికి ఏం చెప్పొద్దు బిడ్డా అనేది. నలభై మూడేళ్లకు ఆ పాఠాన్ని నేను మెయిల్ సర్వర్‌కు నేర్పాను. నేర్పి ఊరుకోలేదు. అశోక్ నగర్ టీ కొట్టు దగ్గర నిలబడి, మా సర్వర్ ఇంటి గుట్టు బయటపెట్టదని నెల రోజులు గొప్పలు చెప్పుకున్నాను. టీ కొట్టాయన మొదటి వారం విన్నాడు. రెండో వారం నుంచి నన్ను చూడగానే కప్పు చేతిలో పెట్టి, అవతలి గిరాకీ వైపు తిరిగేవాడు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే మా వాళ్లందరూ బిల్డింగులోని కంప్యూటర్ల నుంచే మెయిళ్లు పంపేవాళ్లు. ఆ కంప్యూటర్లు ఫిల్టర్‌కు ముఖపరిచయమే. పాస్‌వర్డ్ సంగతి చెప్పినా చెప్పకపోయినా తేడా తెలిసేది కాదు. తెలియని తప్పంత ధైర్యాన్ని మనిషికి ఇంకేదీ ఇవ్వదు. ఆ రెండేళ్లలో నా నడకే మారిపోయింది.

2011లో ఉద్యమం జోరు మీదుండగా బందులు, రాస్తారోకోలు మొదలయ్యాయి. వారంలో ఎన్ని రోజులు సెంటర్ తెరుస్తామో ఎవరికీ తెలియదు. అప్పుడు మెయిల్‌తో పని పడింది పెద్దాయనకు.

పెద్దాయన అంటే మాకు వ్యాసరచన చెప్పే గురువు. సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లు తపాలు చూసి, సూపరింటెండెంటుగా రిటైరై, నారాయణగూడలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవారు. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం, ఎర్ర పెన్ను మాత్రం గడ్డపార. ఆయన దిద్దిన వ్యాసం చూస్తే కాగితానికి ఆపరేషన్ జరిగిందనుకోవాలి. సీజనుకు పదిమందినే తీసుకునేవారు. ఆ పదిమంది వారానికో వ్యాసం రాయాలి. శనివారం సాయంత్రం ఆరు లోపల ఆయన మెయిల్‌కు చేరాలి. చేతికిస్తే తీసుకోరు. సోమవారం రాసి శనివారం తారీఖు వేసేవాళ్లను ఆయన జీవితంలో చాలామందిని చూశారు. మూడు వ్యాసాలు రాకపోతే పేరు కొట్టేస్తారు. ఆ ఖాళీలో కూర్చోవడానికి మెట్ల మీద నలభై మంది కాచుకుని ఉండేవాళ్లు. ఆయన కంప్యూటర్ తెర మీద చదవరు కాబట్టి ఆదివారం పొద్దున నేనే ప్రింట్లు తీసి, నడిచిపోయి ఇచ్చి వచ్చేవాణ్ణి.

పదిమందిలో ఒకామె దేవరకొండ అవతలి పల్లె నుంచి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ, పగలంతా ముషీరాబాద్‌లో ఒక చిన్న బడిలో సోషల్ చెప్పేది. గ్రూప్ వన్ మెయిన్స్‌కు అది మూడో ప్రయత్నం. మొదటి రెండుసార్లూ అన్ని పేపర్లు దాటి వ్యాసం దగ్గరే పోయింది. ఆ ఎర్ర పెన్ను కిందికి రావడానికే మా సెంటర్లో చేరానని నాతో ఒకసారి చెప్పింది. మిగిలినవాళ్లు కోచింగ్‌కు వచ్చారు, ఈమె ఆ ఒక్క పెన్నుకే వచ్చింది.

మా ల్యాబ్ ఐదింటికి మూసేవాళ్లు. ఆమె బడి నుంచి వచ్చేసరికి ఐదున్నర. అందుకని హాస్టల్ కింద ఉన్న నెట్ సెంటర్ నుంచి పంపేది. ఆ నెట్ సెంటర్ సంగతి నాకు బాగా తెలుసు. అందులో పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు వందల వైరస్‌లు. మనిషి లేచి పోయాక కూడా ఆ కంప్యూటర్లు వాటంతటవే లోకమంతా మందుల మెయిళ్లు పంపుతుండేవి. అందువల్ల ఆ అడ్రసు ప్రపంచంలోని నల్ల జాబితాలన్నిటిలోనూ ఎక్కింది. అశోక్ నగర్ నుంచి అంతర్జాతీయ ఖ్యాతి గడించింది అదొక్కటే.

మొదటి వారం పెద్దాయన పెట్టెలో తొమ్మిది వ్యాసాలే ఉన్నాయి. రెండో వారం తొమ్మిది. రానివారి పేరు బోర్డు మీద పెట్టడం రివాజు. రెండుసార్లూ ఆమె పేరే గుచ్చాను. మూడో శనివారం ఆరుంబావుకు మళ్లీ ఆ పేరే గుచ్చుతుంటే వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగాను. ఆమే. చేతిలో బడి సంచి, చీర కొంగుకు సుద్ద.

శుక్రవారం సాయంత్రమే పంపానని చెప్పింది. పోయినట్టు తెర మీద వచ్చిందట. మొదటి రెండు వారాలూ అలాగే వచ్చిందట. కావాలంటే ఇప్పుడే ప్రింటు తెచ్చి ఇస్తాను, రేపు తీసుకుపోండి అంది. నేను చక్రవర్తిని కదా, ఒక ఉపన్యాసం ఇచ్చాను. రెండేళ్లలో మా సర్వర్ ఒక్క ఉత్తరం పోగొట్టలేదన్నాను. వచ్చింది వచ్చినట్టు, రానిది రానట్టు, దానికి పక్షపాతం తెలియదన్నాను. లోపం నెట్ సెంటర్‌ది అయి ఉంటుంది, లేదా ఆమె వేళ్లది అయి ఉంటుందన్నాను.

"ఎక్కడన్న పడి ఉంటదేమో, జర చూడండ్రి సార్."

అటక మీద మనవాళ్లవి ఉండవని చెప్పాను. చూడకుండానే చెప్పాను.

ఆమె బోర్డు మీద తన పేరును కాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"మీ సర్వర్ కంటె మా ఊరి బస్సు కండక్టర్ నయం సార్. ఎక్కనియ్యకపోతే ఎక్కనియ్యనని మొఖం మీద చెప్తడు. ఎక్కించుకొని నడుమల తోసెయ్యడు."

మెట్లు దిగి పోయింది. నేను నవ్వాను. ఆ మాట బాగుంది, టీ కొట్టు దగ్గర వాడుకోవచ్చు అనుకున్నాను. ఇంటికి పోయి అన్నం తింటుంటే ఆ కండక్టర్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పడుకుంటే మంచం చివర కూర్చున్నాడు. తెల్లారేదాకా దిగలేదు.

ఆదివారం తొమ్మిది ప్రింట్లు పట్టుకుని నారాయణగూడ బయల్దేరాను. ఆ పొద్దు రాస్తారోకో అని ఆటోలు లేవు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మామూలుగా ఇరవై నిమిషాల నడక. ఆ రోజు ఎండకు నా చెప్పులు తారుకు అతుక్కుని, ఒక్కో అడుగుకూ రోడ్డు నాతో పాటు లేచొచ్చింది. పెద్దాయన మేడ ఎక్కేసరికి నేను మనిషిగా మిగలలేదు, ఒక తడి చొక్కాగా మిగిలాను.

ఆయన ప్రింట్లు లెక్కపెట్టి, జాబితా తీసి, ఎర్ర పెన్ను మూత విప్పారు. మూడోసారి రాలేదు కదా, ఈమె పేరు కొట్టేస్తున్నానన్నారు. పెన్ను పేరు మీద ఆనబోతుండగా ఆగి, మంచి పిల్ల, చెప్పిన తప్పు మళ్లీ చెయ్యని రకం, ఎందుకు రాయలేదో అని గొణుక్కున్నారు. రాశానంటోంది సార్ అని నేను నసిగాను. ఆయన తల ఎత్తారు.

"రాసిన్నంటుందా? మరి కవర్లేవి?"

ఏం కవర్లు సార్ అన్నాను.

అప్పుడు ఆయన తన పాత కథ ఒకటి చెప్పారు. ఆఫీసులో తపాలు విప్పేటప్పుడు ఉత్తరం వెనక దాని కవరు గుండుసూదితో గుచ్చి పై సీటుకు పంపడం ఆయన సెక్షన్‌లో రివాజు. ఒకసారి కొత్త గుమాస్తా చెత్త ఎందుకని కవర్లన్నీ చింపి పారేసి, ఉత్తరాలు మాత్రం నీటుగా పేర్చి పంపాడు. ఒక ముసలాయన అర్జీ గడువు దాటి వచ్చిందని వాపసు పోయింది. గడువు లోపలే వేశానని ఆయన మొత్తుకున్నాడు. పోస్టు ముద్ర ఉన్నది కవరు మీద. కవరు చెత్తబుట్టలో ఉంది. ఉత్తరం చూసి ఉత్తరం సంగతి చెప్పొచ్చు గానీ ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో, ఎట్ల తెచ్చారో చెప్పలేం అన్నారు పెద్దాయన. ఆ గుమాస్తా ఎవరు సార్ అని అడిగాను. ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టారు.

"నేనే. నువ్వు చెప్పు. నీ సర్వర్ పక్క గదికి ఉత్తరం పంపేటప్పుడు కవరు పంపుతదా?"

నేను నోరు తెరిచాను. సర్వర్ గొప్పతనం గురించి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఉపన్యాసం ఒకటుంది, అది గొంతు దాకా వచ్చింది. అక్కడ నేను కొట్టేసిన ఐదోది అడ్డం పడింది. నాలుగు పంపుతుంది సార్, ఒకటి పంపదు అన్నాను. ఏ ఒకటి అని అడిగారు. మన మనిషి అన్నది పంపదన్నాను. ఎందుకు పంపదు అన్నారు. మా అమ్మ చెప్పిన పాఠం సంగతి చెప్పాను.

పెద్దాయన జాబితాను పక్కకు జరిపారు. వాకిట్లో అడిగినోడికి చెప్పొద్దన్నది మీ అమ్మ, లోపల వంట చేసేటామెకు గూడ చెప్పొద్దన్నదా అని అడిగారు. వచ్చినోడు చుట్టమని చెప్పకపోతే ఆమె అన్నం ఎట్ల పెడతదయ్యా అన్నారు. తొమ్మిది పేపర్లు దిద్దేదాకా ఈ పేరు జోలికి పోనని, ఆ లోపల కవరు తెస్తే తెమ్మని చెప్పి మొదటి వ్యాసం తీశారు.

ఆయన ఒక్కో వ్యాసానికి పావుగంట తీసుకునేవారు. తొమ్మిదికి ఎంతవుతుందో లెక్క వేసుకుంటూ మెట్లు దిగాను. తిరుగుదారి పరుగు గురించి నేను తర్వాత చాలా వర్ణనలు చేశాను. ఫ్లైఓవర్ కింద నుంచి పరుగెత్తుతుంటే ధర్నా చేస్తున్నవాళ్లు నన్ను చూసి, ఎవరో నాయకుడు వస్తున్నాడనుకుని దారి ఇచ్చారని ఒక వర్ణన. నిజానికి నేను రెండుసార్లు ఆగి, ఒకసారి సోడా తాగాను.

మెట్ల కిందికి దూరి, తల కొట్టుకుని, అటక తెరిచాను. మందుల మెయిళ్ల మధ్యన, లాటరీ మెయిళ్ల పక్కన ఆమె వ్యాసం ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరుంబావుకు వచ్చింది. కరువు ప్రాంతాల్లో తాగునీటి మీద రాసింది. కింద ఫిల్టర్ వేసిన మార్కుల చిట్టీ. నల్ల జాబితాలో ఉన్న అడ్రసు నుంచి వచ్చిందని మూడున్నర. తెలుగు అక్షరాలు దానికి అర్థం కాలేదని ఒకటి. ఏవేవో చిల్లర కారణాలకు ఇంకో ఆరు పదోవంతులు. మొత్తం ఐదు పాయింట్ ఒకటి. ఒక్క పదోవంతు తేడాతో పల్లె నుంచి వచ్చిన టీచరు విధవరాళ్ల గుంపులో పడింది.

మొదటి రెండు వ్యాసాలు గురువారాల ఊడ్చివేతలో పోయాయి. కానీ సర్వర్ రోజువారీ చిట్టా పోలేదు. అందులో మూడు వరసలు ఉన్నాయి. మూడింటిలోనూ ఆమె పేరు, పాస్‌వర్డ్ సరిపోయిందన్న మాట, వచ్చిన తారీఖు, నిమిషం. సర్వర్‌కు అన్నీ తెలుసు. ఆమె మన మనిషని దానికి మొదటి రోజు నుంచే తెలుసు. పక్క గదికి చెప్పొద్దని దాని నోరు కట్టేసింది నేను.

ఫైలు తెరిచి ఐదో వరస రాశాను. రాయడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు. అందులో ఒకటిన్నర నిమిషం సిగ్గుకు పోయింది. ఇక నుంచి పాస్‌వర్డ్ చెప్పి వచ్చినవాళ్లకు మార్కులు వెయ్యొద్దని ఫిల్టర్‌కు కూడా చెప్పాను. రాస్తే సరిపోదు, పని చేస్తుందో లేదో చూడాలి. బిల్డింగు లోపల నుంచి చూస్తే లాభం లేదు. లోకంలోకెల్లా చెడ్డపేరున్న చోటు నుంచే చూడాలి. అశోక్ నగర్ పోయాను.

నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి పోతే మూల కంప్యూటర్ ముందు ఆమె ఉంది. పక్కన చేత్తో రాసిన కాగితాలు పేర్చుకుని మొదటి వ్యాసం మళ్లీ టైపు చేస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. గడువు దాటితే దాటనీ, మూడూ పంపుతాను, వచ్చాయో లేదో మీరే చూసుకోండి అంది.

రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటిది పంపమన్నాను. నా ముందున్న కంప్యూటర్లో సర్వర్ చిట్టా తెరిచాను. ఆమె మీట నొక్కింది. నేను ఊపిరి బిగబట్టాను. నెట్ సెంటర్లోని పన్నెండు వందల వైరస్‌లు కూడా నాతో పాటు బిగబట్టాయని నా నమ్మకం. చిట్టాలో కొత్త వరస దిగింది. ఆమె పేరు. పాస్‌వర్డ్ సరే. ఫిల్టర్‌కు చెప్పబడింది. ఫిల్టర్ జవాబు, పోనివ్వండి. అటకకు కాదు, పెద్దాయన పెట్టెకు పోయింది.

ఆమె కుర్చీ జరుపుకుని నా తెర మీదికి వంగి ఆ వరస చదివింది. వేలు పెట్టి తన పేరు దగ్గర ఆపింది.

"ఇది మొదటి దినం నుంచే చెప్పొచ్చు గద సార్?"

"చెప్పొచ్చు."

"మరి నిన్న?"

వాతావరణం, వైర్లు, విదేశీ ఫిల్టర్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి నాలుక మీదికి వచ్చి, ఆమె ముఖం చూసి వాపసు పోయాయి. తప్పు నాదమ్మా అన్నాను. చూడలేదు, చూడకుండానే చెప్పాను అన్నాను. ఆమె మొదటి రెండు వ్యాసాల చేతిరాత కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, పెద్దసారుకు ఇయ్యండ్రి, తీసుకోరు గానీ ఇయ్యండ్రి అంది.

మళ్లీ మెట్ల కిందికి పోయి, అటక మీది మూడో వ్యాసాన్ని, చిట్టాలోని మూడు వరసలనూ ప్రింటు తీసుకుని నారాయణగూడ చేరేసరికి పెద్దాయన తొమ్మిదో వ్యాసం చివరి పేజీలో ఉన్నారు. నేను చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపి, ఆ పేజీ పూర్తి చేశారు. తర్వాత ముందు చిట్టా తీసుకున్నారు. మూడు వరసల కింద మూడుసార్లు గీత గీశారు. కత్తెరతో మూడు ముక్కలుగా కత్తిరించారు. చేతిరాత కాగితాలు తీసుకోరనుకున్నాను. తీసుకున్నారు. ఒక్కో వ్యాసం వెనక దాని ముక్కను పెట్టి గుండుసూదితో గుచ్చారు. గుచ్చాక అరచేత్తో అద్ది, సరిగా ఉందా లేదా అని వెనక్కి తిప్పి చూశారు. జాబితాలో ఆమె పేరు ముందు మూడు గళ్లలోనూ వచ్చింది అని రాశారు.

ఊరుకుంటే ఆయన ఎందుకవుతారు. బోర్డు మీద మూడు వారాలు ఆ పిల్ల పేరు రానివాళ్లలో ఉంది, ఆ సంగతి బోర్డు మీదే సరిచెయ్యాలి, నువ్వే రాయి, నేను చూస్తాను అన్నారు.

అక్కడే కూర్చుని రాశాను. నా మీద నాకు గట్టి నమ్మకం ఉన్న విషయం ఒకటే, రాత. రెండు పేజీలొచ్చింది. అందులో దూరదేశపు విధవరాళ్లు ఉన్నారు, నల్ల జాబితాలున్నాయి, మా అమ్మ ఉంది, బందులు, ఎండ, నా పరుగు, సోడా తప్ప అన్నీ ఉన్నాయి. పెద్దాయన చదివారు. చదువుతూ ఒకచోట నవ్వారు కూడా. నాకు ఛాతీ ఉబ్బింది. తర్వాత ఎర్ర పెన్ను తీశారు.

విధవరాళ్లు పోయారు. ఎండ పోయింది. మా అమ్మను రెండుసార్లు గుండ్రంగా చుట్టి మర్యాదగా పక్కన పెట్టారు. మళ్లీ రాయమన్నారు. అర పేజీ రాశాను. అనుకోని సాంకేతిక కారణాల వల్ల అని ఉన్నచోట, అనుకోని ఎట్లయితది, నువ్వే కదా కొట్టేసింది అని అడిగారు. అదీ పోయింది. మూడోసారి నాలుగు లైన్లు రాస్తే రెండు మిగిలాయి. ఇరవై ఏళ్లలో నేను రాసిన వాటిలో విశేషణం లేని వాక్యాలు అవే.

సోమవారం పొద్దున బోర్డు దగ్గరికి పోయి పాత జాబితాలు మూడూ తీసి, పైన ఆమె పేరు రాసి ఈ కాగితం గుచ్చాను.

ఈమె మూడు వ్యాసాలూ సమయానికి వచ్చాయి. ఫిల్టర్‌కు చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు.

కింద నా సంతకం. మెట్ల మీద జాగా కోసం కాచుకున్న నలభై మందీ చదివారు. కొందరు రెండుసార్లు చదివారు. డైరెక్టర్ గారు చదివి, ఇంత చిన్నగా రాశావేం, ఒంట్లో బాగా లేదా అని అడిగారు. మధ్యాహ్నానికి ఆ సంగతి టీ కొట్టుకు చేరింది. ఇంటి గుట్టు బయటపెట్టని సర్వర్ ఎట్లుంది అన్నా అని టీ కొట్టాయన చాలాకాలం తర్వాత నా ముఖం చూసి అడిగాడు. బాగుంది, ఇప్పుడు అన్నీ చెబుతోంది అన్నాను. ఆ టీ మాత్రం వేడిగా ఉంది.

సాయంత్రం ఐదున్నర దాటాక ఆమె వచ్చింది. బడి సంచి, సుద్ద, అన్నీ అలాగే. పెద్దాయన దిద్దిన మూడు వ్యాసాలు నేను చేతికిచ్చాను. ఎర్ర సిరాలో తడిసి ముద్దయి ఉన్నాయి. మూడింటి వెనకా గుండుసూదితో చిన్న చిన్న ముక్కలు. ఆమె ముందు ఆ ముక్కలు తిప్పి చూసుకుంది, తర్వాతే మార్కులు చూసింది. మార్కులు తక్కువే. అయినా ఆమె ముఖం వెలిగింది. తాగునీటి వ్యాసం మొదటి పేజీ అంచున ఆయన, మొదటి రెండు పేరాలు అనవసరం, మూడో పేరాతో మొదలుపెట్టు అని రాశారు. రెండుసార్లు పోయింది గిందుకే అన్నా అని మెల్లగా అంది. సార్ నుంచి అన్నకు ఎప్పుడు దిగానో నేను గమనించేలోపే ఆమె బోర్డు వైపు నడిచింది.

నా రెండు వాక్యాల ముందు నిలబడింది. పెదవులు కదుపుతూ చదివింది. నేను వెనక నిలబడి, ఏదో ఒక మంచి మాట వస్తుందని చేతులు కట్టుకున్నాను. ఆమె ఇంకోసారి పై నుంచి కింది దాకా చూసి, సంచిలోంచి పెన్ను తీసి నాకు అందించింది.

"తారీఖు వెయ్యలే అన్నా."